బాబాయిని బంధించి డ్యూకైన జాన్ గలెయాట్సో విస్కోంతి: 1402 నాటి జ్వరమే అతని రాజ్యాన్ని కూల్చిందా?

పాతపటాలు (ప్రశ్న)

పద్నాలుగో శతాబ్దపు ఉత్తర ఇటలీ చరిత్రను కొన్ని నెలలుగా చదువుతున్నాను. మిలాన్‌ను ఏలిన విస్కోంతి వంశంలో జాన్ గలెయాట్సో (1351–1402) దగ్గరికి వచ్చేసరికి ఒక సందేహం పట్టుకుంది. ఈ కాలం మీద పట్టున్నవారు ఇక్కడ ఉన్నారు కనుక అడుగుతున్నాను.

నాకు అర్థమైనంతవరకు కథ ఇది. 1355 నుంచి విస్కోంతి రాజ్యాన్ని రెండవ గలెయాట్సో, బెర్నబో అనే అన్నదమ్ములిద్దరు పంచుకుని ఏలారు. 1378లో అన్న చనిపోగా పడమటి సగం అతని కొడుకు జాన్ గలెయాట్సో చేతికి వచ్చింది. పావియా కోటలో పుస్తకాలూ ప్రార్థనలూ తప్ప మరేదీ పట్టనివాడిలా ఏడేళ్ళు గడిపిన ఇతను, 1385 మే నెలలో బాబాయి బెర్నబోను ఒక్క పూటలో బంధించి రాజ్యమంతా చేజిక్కించుకున్నాడు. ఆ తరువాత 1387లో వెరోనా, విచెంజా, 1388లో పాదువా, 1399లో పీసా, సియెనా, 1400లో పెరూజా అతని వశమయ్యాయి. మధ్యలో, 1395లో, డ్యూకు బిరుదు దక్కింది. 1402 జూన్‌లో బొలోన్యా కూడా పడిపోయాక ఫ్లారెన్స్ చుట్టూ ఎటు చూసినా అతని సైన్యమో అతని మిత్రులో ఉన్నారు. ఆ నగరం ఇక లొంగక తప్పదని అందరూ అనుకుంటున్న సమయంలో, మహమ్మారికి భయపడి మిలాన్ వదిలి మెలెన్యానో కోటలో తలదాచుకున్న అతను సెప్టెంబరు 3న జ్వరంతో కన్నుమూశాడు. మూడేళ్ళు తిరిగేసరికి కష్టపడి కూడబెట్టిన నగరాల్లో చాలా భాగం చేజారిపోయాయి.

నేను చదివిన పుస్తకాలు చాలావరకు దీన్ని అదృష్టం ఖాతాలో వేస్తున్నాయి. ఆ జ్వరం రాకుంటే ఫ్లారెన్స్ పడిపోయేదనీ, ఇటలీ ఉత్తర భాగమంతా ఒకే ఏలికకు వచ్చేదనీ వాటి వాదన. నాకెందుకో అది చాలదనిపిస్తోంది. ఒక మనిషి పోగానే ఇంత త్వరగా చెదిరిన రాజ్యం అతను బతికుండగా మాత్రం ఎంత గట్టిది? లోపం కట్టుబడిలోనే ఉందా, లేక వారసులు పసివాళ్ళు కావడమే కారణమా? మరొక సందేహం కూడా ఉంది. అతను ఇటలీకి రాజు కావాలని కలగన్నాడని తరచు రాస్తారు. ఆ మాటలో నిజమెంత?

కోటబురుజు

మీ రెండో ప్రశ్నకు జవాబు చిన్నది కనుక ముందు అది చెబుతాను. అతను రాజు కాబోతున్నాడన్న మాట రెండు చోట్ల గట్టిగా వినిపిస్తుంది: అతని ప్రాపకంలో ఉన్న కవుల పద్యాల్లో, అతని శత్రువులైన ఫ్లారెన్స్ రచయితల వ్యాసాల్లో. మొదటివారు ముక్కలైన ఇటలీని ఒక్కటి చేసే రక్షకుడని పొగిడారు. రెండోవారు స్వేచ్ఛను మింగే సర్పమన్నారు. విస్కోంతి వంశ చిహ్నం మనిషిని మింగుతున్న పాము కనుక ఆ ఉపమానం కోసం వారు ఎక్కడా వెతుక్కోనక్కరలేకపోయింది. ఈ ఇద్దరిలో ఎవరి మాటనూ సాక్ష్యంగా తీసుకోలేం. రాతపూర్వకంగా అతను సంపాదించుకున్నది డ్యూకు పదవినే. అతని మనసులో రాజ్యకాంక్ష లేదని అనను గానీ, అతనిది అందని పండుకు ఎగిరే స్వభావం కాదు. అందేవరకు నిచ్చెన కట్టుకునే స్వభావం.

ఇక మొదటి ప్రశ్న. ఆ నిచ్చెన మెట్లు ఎలాంటివో చూస్తే అది ఎందుకు విరిగిందో తెలుస్తుందని నా అభిప్రాయం. మొదటి మెట్టు 1360లో, అతనికి తొమ్మిదేళ్ళు నిండీ నిండని వయసులో పడింది. 1356లో ప్వాతియే యుద్ధంలో ఇంగ్లండు వారికి బందీగా చిక్కిన ఫ్రాన్స్ రాజు రెండవ జాన్ తన విడుదల కోసం 30 లక్షల బంగారు నాణేలు చెల్లిస్తానని ఒప్పుకుని, ఆ డబ్బు ఎక్కడ దొరుకుతుందా అని చూస్తున్న కాలమది. డబ్బుండి వంశప్రతిష్ఠ లేని విస్కోంతిలకు, వంశప్రతిష్ఠ ఉండి డబ్బులేని రాజుకు బేరం కుదిరింది. భారీ మొత్తం ఇచ్చి రాజుగారి కూతురు ఇసబెల్లాను కోడలిగా తెచ్చుకున్నారు. రాజు తన రక్తమాంసాలనే వేలం వేసుకున్నాడని ఫ్లారెన్స్ చరిత్రకారుడు మత్తేయో విల్లానీ ఎత్తిపొడిచింది దీని గురించే. ఆమెతో పాటు ఫ్రాన్స్‌లోని వెర్త్యు అనే చిన్న సంస్థానం వచ్చింది. ఆ పేరు ఇటాలియన్‌లోకి మారేసరికి ‘సుగుణాల కౌంటు’ అయి కూర్చుంది. డ్యూకు అయ్యేంతవరకు జనం అతన్ని పిలిచిన పేరు అదే. తరువాత అతను చేసిన పనులను తలుచుకుంటే ఆ పేరులోని వెటకారం ఎవరూ పెట్టకుండానే కుదిరినట్టనిపిస్తుంది.

1372లో ఇసబెల్లా చనిపోయింది. ఆమె కన్న మగపిల్లలెవరూ బతికి బట్టకట్టలేదు. వాలెంతీనా అనే కూతురు మిగిలింది. రెండో పెళ్ళికి సిసిలీ రాణి మరియాను చేసుకుని ఏకంగా ఒక రాజ్యానికే భర్త కావాలని చూశాడు గానీ, సిసిలీ మీద కన్నేసిన అరగాన్ రాజు నాలుగో పీటర్ అది సాగనివ్వలేదు. చివరికి 1380లో బెర్నబో కూతురు కతెరీనాను చేసుకున్నాడు. సొంత బాబాయి కూతురు, అంటే చెల్లెలి వరస. క్రైస్తవ ధర్మం కూడా అంత దగ్గరి చుట్టరికంలో పెళ్ళిని ఒప్పదు కనుక పోపు నుంచి ప్రత్యేక అనుమతి తెచ్చుకోవలసి వచ్చింది. బెర్నబో దృష్టిలో ఈ పెళ్ళి అన్నకొడుకును అదుపులో పెట్టుకునే తాడు. అప్పటికే అతను తన సగాన్ని ఐదుగురు కొడుకులకు వాటాలు వేసి పెట్టాడు. అల్లుడికి కొడుకులు లేకపోతే మిగతా సగమూ తన సంతానానికే చేరుతుందన్న లెక్క చిన్నపిల్లవాడికైనా అర్థమవుతుంది.

కూతుళ్ళ విషయంలో బెర్నబోది మరో తరహా రాజకీయం. బవేరియా, ఆస్ట్రియా, వుర్టెంబర్గ్ ప్రభువులకు, సైప్రస్ రాజుకు, మాంతువా పాలకుడికి అమ్మాయిలను ఇచ్చి యూరప్ అంతటా వియ్యంకులను సంపాదించాడు. అక్రమ సంతానమైన దొన్నీనాను కూడా వృథా పోనివ్వకుండా, ఆ కాలపు పేరుమోసిన కిరాయి సేనాని, ఇంగ్లండువాడైన జాన్ హాక్‌వుడ్‌కు 1377లో కట్టబెట్టాడు. 1384–85 ప్రాంతంలో మరో కూతురు లుచియాను ఫ్రెంచ్ రాజవంశపు ఆంజూ యువరాజు రెండవ లూయికి ఇచ్చే మాట నడిచింది. జాన్ గలెయాట్సోకు ఫ్రాన్స్‌లో ఉన్న ఏకైక ఆసరా తన మొదటి పెళ్ళి. అక్కడికి కూడా బాబాయి పాకుతున్నాడు. అతన్ని కదిలించింది ఇదేనని నేను నమ్ముతాను.

1385 మే 6న జరిగింది అందరికీ తెలిసినదే అయినా, అందులోని తయారీ మెచ్చుకోదగ్గది. వరేసె దగ్గర కొండ మీదున్న మేరీమాత గుడికి మొక్కు తీర్చుకోవడానికి వెళుతున్నానని, దారిలో మిలాన్ పక్కనుంచే పోతున్నాను కనుక ఒకసారి పలకరించి పోతానని కబురు పంపాడు. వెంట వందల మంది సాయుధులు ఉన్నా, పిరికివాడిగా పేరుపడ్డ మనిషి కనుక ఎవరూ వింతగా చూడలేదు. బెర్నబో ఇద్దరు కొడుకులను, కొద్దిపాటి పరివారాన్ని వెంటబెట్టుకుని ఊరి బయటికి ఎదురొచ్చాడు. పలకరింపులు అయీ కాకముందే యాకొపో దల్ వెర్మే అనే సేనాని ముందుకు వచ్చి అతన్ని పట్టుకున్నాడు. ఏడేళ్ళుగా ఆ పిరికి వేషం ఎందుకు వేశాడో ఆ రోజు తెలిసింది. బాబాయిని అద్దా నది ఒడ్డున త్రెత్సో కోటలో ఉంచారు. ఆ డిసెంబరు 19న అక్కడే చనిపోయాడు. విషం పెట్టారనే అప్పుడందరూ అనుకున్నారు.

నగరం ఏమీ ఎదురు చెప్పలేదు. పన్నులతో, క్రూరమైన శిక్షలతో, పెంచమని జనం మీద రుద్దిన వేటకుక్కలతో విసిగిపోయిన మిలాన్ ప్రజలు బెర్నబో భవనాన్ని దోచుకుని కొత్త ప్రభువుకు జేజేలు కొట్టారు. నా వాదనకు అసలు కీలకం ఇక్కడే ఉంది. ఊరు ఒక్క పూటలో లొంగింది కానీ చుట్టాలు లొంగలేదు, ఎందుకంటే వారు మిలాన్‌లో లేరు. త్రెత్సో కోటలో ముసలాయన ఇంకా బతికుండగానే, అదే జూలై 17న, ఫ్రాన్స్ యువరాజు ఆరవ చార్లెస్‌ను, అప్పటికే పట్టాభిషిక్తుడైన రాజును, పెళ్ళాడిన బవేరియా ఇసబో ఎవరనుకున్నారు? బెర్నబో కూతురు తద్దేయాకు పుట్టిన మనవరాలు. తాతను బంధించిన 72 రోజులకు మనవరాలు ఫ్రాన్స్ రాణి అయింది. 1390లో ఫ్లారెన్స్‌తో యుద్ధం మొదలైనప్పుడు ఆ నగరపు సేనలను నడిపింది అల్లుడు హాక్‌వుడ్. 1391లో ఆల్ప్స్ దాటి దండెత్తి వచ్చి అలెస్సాంద్రియా దగ్గర ప్రాణాలు పోగొట్టుకున్న అర్మన్యాక్ కౌంటు మూడవ జాన్, బెర్నబో కొడుకు కార్లోకు బావమరిది. జాన్ గలెయాట్సో యుద్ధాల్లో సగం నిజానికి ఒక ఇంటి తగవుకు కొనసాగింపే.

లెక్కలపద్దు

కోటబురుజు గారు చెప్పినవన్నీ నిజమే అయినా, వంశవృక్షం పట్టుకుని రాజ్యాల బలాబలాలు లెక్కగట్టడం నాకు పూర్తిగా సమ్మతం కాదు. అర్మన్యాక్ కౌంటు బావమరిది కావచ్చు గానీ ఫ్లారెన్స్ డబ్బు లేకపోతే ఆల్ప్స్ దాటేవాడే కాదు. హాక్‌వుడ్ కూడా అంతే. మామ మీది ప్రేమతో కత్తి పట్టిన చరిత్ర అతనికి లేదు.

నేను డబ్బు వైపు నుంచి చూస్తాను. కూతురు వాలెంతీనా కట్నం 4,50,000 ఫ్లోరిన్లు, దాని మీద ‘ఆస్తి’ అనే పేరుగల ఇటలీ నగరం అదనం. చక్రవర్తి పదవికి ఎన్నికైనా ఆ కిరీటం ధరించని వెన్సెస్లాస్ దగ్గర డ్యూకు బిరుదుకు 1,00,000 ఫ్లోరిన్లు. 1399లో అప్పియానీ వంశీయుడి దగ్గర పీసా నగరాన్ని కొనడానికి 2,00,000. ఈ మూడు పద్దులే ఏడున్నర లక్షలు అయ్యాయి, యుద్ధాల ఖర్చు ఇందులో లేదు. ఇంత సొమ్మును రాబట్టగలిగాడంటే అది కుట్రల గొప్పతనం కాదు, కచేరీల గొప్పతనం. పావియాలో, మిలాన్‌లో కూర్చున్న అతని గుమాస్తాలు, లెక్కల అధికారులు ఆనాటి ఇటలీలో ఎవరికీ తీసిపోయేవారు కారు. అధికారం చేపట్టగానే పన్నులు తగ్గించి మంచివాడనిపించుకున్నాడు. యుద్ధాలు పెరిగేకొద్దీ నగరాల మీద ప్రత్యేక వసూళ్ళు వేసి అంతకు అంత రాబట్టాడు. 1386లో మొదలైన మిలాన్ ప్రధాన దేవాలయానికి కందోల్యా పాలరాతి గనిని వాడుకోనిచ్చి, ఆ రాయి పడవల్లో వచ్చే దారి పొడుగునా సుంకం మాఫీ చేసిన మనిషి, ప్రజల అభిమానానికి కూడా ఒక ధర ఉంటుందని తెలిసినవాడే.

ఆ రాజ్యం కూలడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అతని సైన్యం అతనిది కాదు. యాకొపో దల్ వెర్మే, ఫచీనో కానే, 1402లో కసలెక్యో దగ్గర బొలోన్యా సేనలను ఓడించిన అల్బెరీకో దా బర్బియానో, వీరంతా ఒప్పందం మీద పనిచేసే కిరాయి సేనానులు. నెల నెలా జీతం అందినంతకాలం వారు డ్యూకు సేనానులు. అందని రోజున చేతిలో ఉన్న ఊరినే బాకీ కింద జమ వేసుకున్నారు. ఫచీనో కానేకు అలెస్సాంద్రియా, పందోల్ఫో మలతెస్తాకు బ్రేష్యా, ఒత్తోబువోనో తెర్ట్సోకు పార్మా అలాగే దక్కాయి. అల్బెరీకో అయితే ఏడాది తిరగకుండానే అవతలి పక్షంలో చేరాడు.

పాతపటాలు

ఇద్దరికీ ధన్యవాదాలు. డబ్బు వైపు నుంచి నేను ఆలోచించలేదు. ఒక చిన్న విషయం: కోటబురుజు గారు ఆరవ చార్లెస్‌ను ఒకే వాక్యంలో యువరాజనీ రాజనీ రాశారు, 1380 నుంచే అతను రాజు కదా.

వాలెంతీనా పేరు ఇద్దరూ ఎత్తారు కనుక మరొకటి అడుగుతాను. ఆమె పెళ్ళి ఒప్పందంలోని వారసత్వపు షరతు ఆధారంగానే వందేళ్ళ తరువాత పన్నెండో లూయి మిలాన్ మీదికి వచ్చాడని చదివాను. ఇంత ముందుచూపు ఉన్న మనిషి అంత ప్రమాదకరమైన షరతుకు ఎలా ఒప్పుకున్నాడు?

వంశవృక్షం

నా పేరు చూసి లెక్కలపద్దు గారు నవ్వుకుంటారేమో గానీ, ఈ ప్రశ్న మాత్రం వంశవృక్షం పట్టుకోకుండా తేలదు.

ఒప్పందం కుదిరిన సంవత్సరం చూడండి: 1387. వరుడు ఆరవ చార్లెస్ తమ్ముడు లూయి, అప్పటికి తురేన్ డ్యూకు, తరువాత ఒర్లియాన్ డ్యూకు. ఆ ఏడు జాన్ గలెయాట్సోకు 35 నిండాయి. మొదటి భార్య కొడుకులెవరూ మిగల్లేదు. కతెరీనాను చేసుకుని ఏడేళ్ళు అవుతున్నా బతికిన బిడ్డ లేడు. బెర్నబో మీద మోపిన నేరాల పత్రంలో, ఈ దంపతులకు సంతానం కలగకుండా చేతబడి చేయించాడన్న ఆరోపణ కూడా ఉందంటే ఆ ఇంట్లో ఆ బెంగ ఎంత లోతుగా ఉండేదో ఊహించుకోవచ్చు. పుట్టబోయే ప్రతి బిడ్డకూ మేరీమాత పేరు కలుపుతామని మొక్కుకున్నారు. తరువాత పుట్టిన జొవాన్నీ మరియా, ఫిలిప్పో మరియా పేర్లలోని ‘మరియా’ ఆ మొక్కుబడే. అందుచేత 1387లో ‘మగ సంతతి లేకపోతే వాలెంతీనాకూ ఆమె సంతానానికీ’ అన్న షరతు దూరపు మాట కాదు, ఆనాటికి కళ్ళెదుట ఉన్న పరిస్థితి. దానికి బదులుగా అతనికి దక్కినది మామూలు లాభం కాదు: తాతను చంపిన పగతో ఉన్న రాణి ఇసబో ఒక పక్కన ఉంటే, అదే ఆస్థానంలో రాజు తమ్ముడి భార్యగా తన కూతురు మరో పక్కన ఉంటుంది.

1388 సెప్టెంబరులో జొవాన్నీ మరియా పుట్టాడు. వాలెంతీనా ఇంకా పావియాలోనే ఉంది. 1389 వేసవిలో గానీ ఆమె బయలుదేరలేదు, ఆగస్టులో మెలన్‌లో పెళ్ళి జరిగింది. కొడుకు పుట్టాక ఆ షరతు మీద బెంగపడవలసిన అవసరం తండ్రికి కనిపించి ఉండదు. 1395లో డ్యూకు పట్టా తీసుకునేటప్పుడు వారసత్వాన్ని మగ సంతతికే పరిమితం చేయించుకోవడంతో, ఒకే రాజ్యానికి ఒకదానితో ఒకటి పొసగని రెండు కాగితాలు తయారయ్యాయి. ఒక చేత్తో రాసింది రెండో చేత్తో కొట్టేసినట్టు కనిపించినా, అతనికి మాత్రం ఏ కాగితం ఏ రోజున పనికొస్తుందో ఆ రోజున అది బయటికి తీయడం అలవాటే.

ఆ అలవాటుకు విచెంజా కథ మంచి ఉదాహరణ. 1387లో వెరోనా పాలకుడు అంతోనియో దెల్లా స్కాలా మీదికి పాదువా ప్రభువు ఫ్రాన్చెస్కో దా కర్రారాతో కలిసి వెళ్ళాడు. గెలిస్తే వెరోనా తనకు, విచెంజా కర్రారాకు అని మాట. గెలిచాక విచెంజాను ఇవ్వలేదు. తన భార్య కతెరీనా తల్లి రెజీనా దెల్లా స్కాలా వంశపు ఆడపడుచు కనుక ఆ నగరం మీద హక్కు భార్యదేనని, భార్య ఆస్తిని తాను ఎలా పంచిపెట్టగలనని అన్నాడు. తండ్రిని బంధించి ఏ కతెరీనా పుట్టింటిని కూల్చాడో, ఆ కతెరీనా పుట్టింటి హక్కే ఇక్కడ ఆయుధమైంది. మోసపోయిన కర్రారా మీదికే మరుసటి ఏడు దండెత్తి పాదువాను కూడా తీసుకున్నాడు, అయితే 1390లో అతని కొడుకు ఫ్రాన్చెస్కో నొవెల్లో దాన్ని తిరిగి గెలుచుకున్నాడు.

ఇక వాలెంతీనా సంగతి. ఫ్రాన్స్ రాజుకు మతిభ్రమణం మొదలయ్యాక, ఆ స్థితిలో కూడా అతను మరదలిని గుర్తుపట్టి ఆదరించడం ఆమె పాలిట శాపమైంది. లొంబార్దీ నుంచి వచ్చిన మంత్రగత్తె అనీ, తండ్రి కోసం రాజుకు విషప్రయోగం చేస్తోందనీ పుకార్లు లేచాయి. 1396లో ఆమె ఆస్థానం వదిలి వెళ్ళవలసి వచ్చింది. అదే ఏడు ఫ్రాన్స్ రాజు ఫ్లారెన్స్‌తో పొత్తు పెట్టుకున్నాడు. ఈ రెండూ ఒకే ఏడాది జరగడం కాకతాళీయమని ఎవరైనా అంటే నేను వాదించను గానీ, నమ్మను కూడా. 4,50,000 ఫ్లోరిన్లు పెట్టి కొన్న చుట్టరికం పదేళ్ళు కూడా పనిచేయలేదు. ఆమె భర్తను 1407 నవంబరు 23న పారిస్ వీధిలో బర్గండీ డ్యూకు మనుషులు నరికి చంపారు; మరుసటి ఏడాది డిసెంబరులో బ్లువాలో ఆమె కూడా పోయింది. కాగితం మాత్రం బతికింది. 1447లో ఫిలిప్పో మరియాతో మగ సంతతి ముగిసింది. 1499లో వాలెంతీనా మనవడు పన్నెండో లూయి ఆ కాగితంతోనే మిలాన్‌లో అడుగుపెట్టాడు.

కోటబురుజు

పాతపటాలు గారికి: నిజమే, అక్కడ ‘యువరాజు’ అన్నది నా తొందరపాటు, క్షమించండి. చార్లెస్ 1380 నుంచే రాజు.

లెక్కలపద్దు గారి మాటను కొంత ఒప్పుకుంటూ ఒక విషయం చేరుస్తాను. జీతాలు ఆగడానికి ముందే రాజ్యం చీలింది, ఆ చీలిక చేసినది స్వయంగా అతని వీలునామా. పెద్దకొడుకు జొవాన్నీ మరియాకు 14 ఏళ్ళు నిండలేదు. అతనికి డ్యూకు పదవి, మిలాన్, దానితో పాటు బొలోన్యా, సియెనా, పెరూజా. పదేళ్ళు నిండని ఫిలిప్పో మరియాకు పావియా, వెరోనా తదితరాలు. అక్రమ సంతానమైన గాబ్రియేలె మరియాకు పీసా. బాబాయితో పంచుకున్న రాజ్యాన్ని అంత ఘోరం చేసి ఒక్కటి చేసినవాడు, చివరికి దాన్నే మళ్ళీ ముక్కలు చేసి పంచాడు. దీన్ని తెలివితక్కువతనం అనను. రాజ్యమంటే తండ్రి ఆస్తి, ఆస్తి అంటే కొడుకుల వాటా అన్న ఆలోచన దాటి ఆ కాలపు ప్రభువు ఎవరూ పోలేదు. డ్యూకు పట్టా తెచ్చుకున్నా ఇతనూ పోలేదు.

పిల్లల తరఫున పాలించవలసిన బాధ్యత కతెరీనాది. భర్త నమ్మిన ఫ్రాన్చెస్కో బర్బవారాను ముందు పెట్టుకుని నడపబోయింది గానీ, మిలాన్ కులీనులు అతన్ని 1403లో వెళ్ళగొట్టారు. 1404 జనవరిలో ఆమె కొందరు ప్రత్యర్థులకు శిరచ్ఛేదం చేయించింది. అదే ఏడు అక్టోబరులో, కొడుకు పక్షంవారి చేతుల్లో బందీగా మోంజా కోటలో చనిపోయింది. ఆమె తండ్రి విషయంలో వినిపించిన మాటే ఆమె విషయంలోనూ వినిపించింది: విషం అని. ఈలోపు పోపు బొలోన్యాను, పెరూజాను వెనక్కి తీసుకున్నాడు. వెనిస్ 1404లో విచెంజాను, మరుసటి ఏడు వెరోనా, పాదువాలను మింగింది. గాబ్రియేలె మరియా పీసాను ఫ్లారెన్స్‌కే అమ్ముకున్నాడు. తండ్రి 2,00,000 ఫ్లోరిన్లు పోసి కొన్న ఊరు చివరికి శత్రువు చేతికే చేరింది.

పాతపటాలు

ఇప్పుడు నా ప్రశ్నలోని ‘జ్వరం’ చిన్నదైపోయింది. అయితే 1412 గురించి చదువుతుంటే మీ ఇద్దరి వాదనలూ ఒకే చోట కలిసినట్టనిపించింది, తప్పయితే దిద్దండి. మే 16న జొవాన్నీ మరియాను మిలాన్‌లో సాన్ గొత్తార్దో గుడి దగ్గర హత్య చేశారు. రాజ్యాన్ని వెనక నుంచి నడుపుతున్న ఫచీనో కానే కూడా అదే రోజు పావియాలో జబ్బుతో పోయాడు. అప్పుడు మిలాన్‌ను పట్టుకున్నది ఎవరు? ఎస్తొర్రె విస్కోంతి, బెర్నబో అక్రమ కొడుకు.

కోటబురుజు

తప్పేమీ లేదు. 27 ఏళ్ళ తరువాత బెర్నబో కొడుకు మళ్ళీ మిలాన్ ప్రభువయ్యాడు, నెల రోజుల పాటే అయినా. అతన్ని తరిమిన ఫిలిప్పో మరియా ఎలా తరిమాడో కూడా చూడండి. చేతిలో సైన్యమూ లేదు, సొమ్మూ లేదు. ఆ రెండూ ఫచీనో కానే విధవరాలు బెయాత్రీచె దగ్గర ఉన్నాయి. అతనికి 19 ఏళ్ళు, ఆమె అతనికంటే బాగా పెద్దది. భర్త పోయిన కొద్ది రోజులకే ఆమెను పెళ్ళాడి, ఆమె తెచ్చిన 4,00,000 డ్యూకట్లతో, ఫచీనో సైనికులతో జూన్‌లో మిలాన్‌లో ప్రవేశించాడు. ఆరేళ్ళ తరువాత, 1418లో, వ్యభిచార నేరం మోపి బినాస్కో కోటలో ఆమె తల తీయించాడు.

లెక్కలపద్దు

ఆ 4,00,000 డ్యూకట్లు పెళ్ళికానుక కింద రాయాలో సైనికుల జీతాల పద్దులో రాయాలో నాకూ తేలడం లేదు కనుక, కోటబురుజు గారితో ఈ ఒక్క చోట రాజీపడుతున్నాను.